నాన్నగారి 580 క్యాసెట్లు పట్టే జేబు ప్లేయరు ఏది?

రాఘవ_తెనాలి · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ మీరు రాసుకునేవి చదివి చప్పుడు చేయకుండా వెళ్లిపోయేవాణ్ణి. ఇప్పుడు నాకే పని పడింది.

మా నాన్నగారికి 76 ఏళ్లు. 1979 నుంచి పాతికేళ్లపాటు ఆయన స్వయంగా రికార్డు చేసుకున్న క్యాసెట్లు ఇంట్లో 580 ఉన్నాయి. కచేరీలు, హరికథలు, బుర్రకథలు, తెల్లవార్లూ సాగిన పద్య నాటకాలు. తెనాలి, గుంటూరు, విజయవాడ, ఎక్కడ సభ జరిగినా ముందు వరసలో చేరి ఒళ్లో టేపు రికార్డరు పెట్టుకుని కూర్చునేవారు. బజారులో కొన్న క్యాసెట్టు వీటిలో ఒక్కటి కూడా లేదు. ఎక్కువ భాగం 60 నిమిషాలవి, ఓ నలభై 90 నిమిషాలవి. మొత్తం 600 గంటలు అనుకోండి.

మా తమ్ముడు మంచి డెక్కు ఒకటి సంపాదించి, రెండేళ్లు కూర్చుని అన్నిటినీ కంప్యూటర్లోకి ఎక్కించాడు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్, కుదించని వేవ్ ఫైళ్లు. లెక్క చూస్తే 1.24 టీబీ తేలింది. నాన్నగారి పాత టేపు రికార్డరు మూలపడి ఏడాది అయింది. ఇవన్నీ ఒకేచోట పట్టే చిన్న ప్లేయరు కొని ఆయన చేతిలో పెట్టాలని మా కోరిక. పాతిక వేలు పెట్టగలను. 2 టీబీ కార్డు తీసుకునే ప్లేయర్లలో ఏది మంచిదో చెప్పగలరు.

శ్రుతిప్రియుడు · ఆదివారం, రాత్రి 9:40

రాఘవగారూ, ముందు మీ తమ్ముడికి ఒక దండం. 24/96లో ఎక్కించాడంటే చెవి ఉన్నవాడన్నమాట. ఎవరేమి చెప్పినా వాటిని కుదించకండి.

ఇప్పటి ప్లేయర్లన్నీ మైక్రో ఎస్‌డీ కార్డు మీదే నడుస్తాయి, లోపలి నిల్వ పేరుకే. సోనీ ఎన్‌డబ్ల్యూ-ఏ306 చూడండి, చెప్పేది 32 జీబీ, సాఫ్ట్‌వేరు పోగా మిగిలేది సగం పైచిలుకు. తెర 3.6 అంగుళాలు. ఫియో జేఎం21లోనూ 32 జీబీయే కానీ 2 టీబీ దాకా కార్డు తీసుకుంటుందని కంపెనీయే చెబుతోంది. తెర 4.7 అంగుళాలు, ఆండ్రాయిడ్ 13. నా ఓటు దానికే. 1.5 టీబీ కార్డులు 2023 నుంచి వస్తున్నాయి. కార్డు ఖరీదు ప్లేయరు ఖరీదుతో పోటీ పడుతుంది, దానికి మాత్రం మనసు గట్టి చేసుకోండి.

డల్లాస్_బాబాయి · ఆదివారం, రాత్రి 11:05

2 టీబీ అన్న మాట చూసి నవ్వొచ్చింది. 1998లో కొరియా నుంచి వచ్చిన ఎంపీమ్యాన్ ఎఫ్10 అనే ఎంపీ3 ప్లేయరులో ఉన్నది 32 ఎంబీ. 128 కేబీపీఎస్ ఎంపీ3లు నింపితే అరగంట. అంటే మీ నాన్నగారి క్యాసెట్టులో సరిగ్గా ఒక వైపు!

2000లో క్రియేటివ్ నోమాడ్ జూక్‌బాక్స్ 6 జీబీతో వచ్చింది. నేను కొన్న మొదటి ప్లేయరు అదే. సీడీ ప్లేయరంత ఉండేది, ఏ జేబులోనూ దూరేది కాదు. మరుసటి ఏడాది అక్టోబరు 23న ఆపిల్ వాళ్లు తోషిబా 1.8 అంగుళాల డిస్కు పెట్టి 5 జీబీ ఐపాడ్ చూపించారు. నా దానికంటే 1 జీబీ తక్కువ, కానీ చొక్కా జేబులో పట్టింది. ఆ రోజు నుంచి నా జూక్‌బాక్స్ బీరువా ఎక్కింది. 2014లో ఐపాడ్ క్లాసిక్ ఆపేసే నాటికి అందులో 160 జీబీ. అది నా దగ్గర ఇంకా పలుకుతూనే ఉంది.

విషయానికి రాలేదంటారా? ఇదిగో వస్తున్నాను. పాతికేళ్లలో ఇన్ని కొని నేను తెలుసుకున్నదేమిటంటే, ఎంత పడుతుందని చూసి కొన్నవాటిలో సగం నేను వినలేదు. వెతకడం బద్ధకమై మళ్లీ ఆ పది పాటలే.

సుభాషిణి_కాకినాడ · సోమవారం, ఉదయం 6:50

రాఘవగారూ, ప్లేయరు సంగతి తర్వాత. ముందు నాన్నగారి సంగతి చెప్పండి. ఆయన చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటారా? తెర మీద వేలితో తోయడం అలవాటుందా? కళ్లు ఎలా ఉన్నాయి? అన్నిటికంటే ముఖ్యంగా, ఇవాళ ఒక ఫలానా కచేరీ వినాలనిపిస్తే దాన్ని ఆయన ఎలా వెతుక్కుంటారు?

మా అమ్మకు పోయినేడు మంచి ఖరీదైనదే కొన్నాను. తెర ముట్టుకుంటే ఏదో ఒకటి జరుగుతుందని భయపడి దాన్ని పూజగదిలో దాచింది. ఇప్పుడు వంటింట్లో పెన్‌డ్రైవ్ పెట్టే చిన్న స్పీకరు పెట్టుకుని వింటోంది. వినేది ఎంపీ3, ఆనందం మాత్రం 24/96 అని శ్రుతిప్రియుడుగారికి మనవి.

వోల్టు_వెంకట్ · సోమవారం, ఉదయం 9:25

లెక్క ఒకసారి చూద్దాం. 24/96 రెండు చానళ్లు అంటే సెకనుకు 5,76,000 బైట్లు. గంటకు 2 జీబీ పైన. 600 గంటలకు మీరు చెప్పిన 1.24 టీబీ సరిగ్గా వస్తుంది. ఇప్పుడు అదే సరుకును సీడీ ప్రమాణానికి, అంటే 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌కు దింపితే 381 జీబీ. ఫ్లాక్‌లో, అంటే నాణ్యత పోకుండా కుదించే పద్ధతిలో పెడితే మామూలు సంగీతానికి సగానికి సగం తగ్గాలి. మీవి టేపులు, హోరు ఉంటుంది, హోరు కుదింపుకు అంతగా లొంగదు. అయినా 230 జీబీ దగ్గర ఆగుతుంది. ఎంపీ3 192లో అయితే 52 జీబీ.

అసలు సభలో రికార్డు చేసిన క్యాసెట్టు మీద 15 కిలోహెర్ట్జ్ పైన ఉండేది దాదాపు హోరే. 44.1లో 22 కిలోహెర్ట్జ్ దాకా పడుతుంది. 96లో 48 దాకా. ఆ పై భాగంలో మీరు భద్రపరుస్తున్నది ఎవరి గానమో చెప్పండి.

కాబట్టి 2 టీబీ ప్లేయరు అవసరం లేదు. 256 జీబీ కార్డు చాలు. కార్డు మీద ఎ2, వీ30 అని రాసి ఉన్నవాటికి ఎక్కువ డబ్బు పోయవద్దు, అవి కెమెరాలకూ ఫోన్లకూ. మీ 24/96 వేవ్ ఫైలు కూడా సెకనుకు అర ఎంబీ పైచిలుకే అడుగుతుంది. మామూలు క్లాస్ 10 కార్డు సెకనుకు 10 ఎంబీ ఇస్తుంది.

శ్రుతిప్రియుడు · సోమవారం, ఉదయం 10:02

ఇదిగో, ఇందుకే ముందే హెచ్చరించాను. వెంకట్‌గారికి సంగీతమంటే బైట్లు. హోరు అని తీసిపారేసే దాంట్లోనే సభ ఉంటుంది. పందిరి గాలి, ముందు వరసలో ఒకరి 'భళా', తంబూరా జీరు. ఒకసారి కోసేసిన దాన్ని మళ్లీ అతికించగలరా?

వోల్టు_వెంకట్ · సోమవారం, ఉదయం 10:20

'భళా' అన్నవాడు 30 కిలోహెర్ట్జ్‌లో అన్నాడా? గబ్బిలమా?

నిర్వాహకులు · సోమవారం, ఉదయం 10:31

ఇద్దరూ కాస్త నీళ్లు తాగండి. అడిగినాయన తండ్రిగారి కోసం అడిగారు.

పాతటేపు · సోమవారం, మధ్యాహ్నం 2:15

నేను విశ్రాంత సౌండు ఇంజినీరును. ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది, కాబట్టి నన్ను ఇద్దరూ తిట్టవచ్చు.

రాఘవగారూ, దాచడానికి ఉంచే ప్రతి వేరు, వినడానికి చేసే ప్రతి వేరు. మీ తమ్ముడు చేసిన 24/96 ఫైళ్లను ముట్టుకోకండి. రేపు ఎవరైనా హోరు తగ్గించాలన్నా, వేగం సరిచేయాలన్నా ఆ నిండు ఫైళ్ల మీదే పని చేయాలి. వాటిని రెండు హార్డ్ డిస్కుల మీద పెట్టి, ఒకటి తమ్ముడి ఇంట్లో ఉంచండి. ఒకే ఇంట్లో రెండు ఉంటే ఒకటి ఉన్నట్టే లెక్క. ప్లేయరులోకి వెళ్లేది నకలు. అది పోయినా, నీళ్లలో పడినా, మనవడు మింగినా బాధ లేదు. ఆ నకలుకు సీడీ ప్రమాణం ధారాళంగా సరిపోతుంది. సభలో పట్టిన క్యాసెట్టులో అతి మెల్లని ధ్వనికీ అతి గట్టి ధ్వనికీ మధ్య తేడా 50, 60 డెసిబెల్స్‌కు మించదు. 16 బిట్లలో 96 పడుతుంది.

ఇంకొకటి. ఒళ్లో పెట్టుకునే రికార్డరు అంటే అది మోనో, అంటే ఒకే చానలుది, అయి ఉంటుంది. డెక్కు స్టీరియో కాబట్టి కుడి, ఎడమ రెండిట్లోనూ అదే శబ్దం ఎక్కి ఉంటుంది. ఒక్క చానలే ఉంచితే మీ 230 జీబీ మళ్లీ సగమవుతుంది. అయితే జాగ్రత్త, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. రెండు చానళ్లనూ కలిపి మోనో చేయకండి. రికార్డు చేసిన యంత్రం హెడ్డు (టేపుకు ఆనే భాగం), పాడించిన డెక్కు హెడ్డు ఒకే కోణంలో ఉండవు. వెంట్రుకవాసి తేడా ఉన్నా ఎడమ శబ్దం కుడి శబ్దం కంటే కాస్త ముందో వెనుకో నడుస్తుంది. రెండూ కలిపితే పైస్థాయి ధ్వనులు ఒకదాన్నొకటి తినేస్తాయి. వయొలిన్ దుప్పటి కప్పుకుని వాయించినట్టుంటుంది. అందుకని రెండూ విడివిడిగా విని, ఏది తేటగా ఉంటే దాన్ని ఉంచి రెండోదాన్ని వదిలేయండి. మొదట్లో హోరు తక్కువ, చివర్లో ఎక్కువ అయ్యే టేపులూ ఉంటాయి, కనీసం మూడుచోట్ల విని చూడండి.

రాఘవ_తెనాలి · సోమవారం, రాత్రి 8:48

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. పాతటేపుగారూ, అది మోనోయే. మా తమ్ముడికి మీ మాట వినిపిస్తే వాడు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు, పది క్యాసెట్లు ఇప్పటికే కలిపేశాడట. అసలువి ఉన్నాయి కాబట్టి గండం లేదు.

సుభాషిణిగారి ప్రశ్నలకు జవాబులు. ఇయర్‌ఫోన్లు ససేమిరా పెట్టుకోరు. ఇంట్లో వైరు గుచ్చే స్పీకరు ఉంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది, పెద్ద అక్షరాలు బాగానే చదువుతారు. చేతులు కొంచెం వణుకుతాయి.

ఎలా వెతుక్కుంటారన్నదే నన్ను ఆలోచనలో పడేసింది. నేను వెళ్లి ఆయన్నే అడిగాను. ఫలానా ఆయన హరికథ వినాలంటే ఏం చేస్తారు అని. "214" అన్నారు. ప్రతి క్యాసెట్టు వీపు మీద సిరాతో ఒక అంకె ఉంటుంది. పెద్ద నోటు పుస్తకంలో ఆ అంకె పక్కన తేదీ, ఊరు, ఎవరు పాడారు, పక్కవాద్యం ఎవరు, ఏయే రాగాలు, అన్నీ ఆయన దస్తూరీలో ఉంటాయి. సగం అంకెలు కంఠతా వచ్చు. మా తమ్ముడేమో ఫైళ్లకు రికార్డు చేసిన రోజు తేదీ పేరుగా పెట్టాడు. 1160 ఫైళ్లు. ఏదో ఒకటి తెరిచి అరగంట వింటే గాని అదేమిటో తెలియదు.

కొత్తసభ్యుడు_మహి · సోమవారం, రాత్రి 9:30

పాత స్మార్ట్‌ఫోను ఒకటి ఇచ్చేయవచ్చు కదా అండీ? కార్డు వేస్తే సరిపోతుంది. ఇంకో మాట, 2 టీబీ కార్డు 700 రూపాయలకే కనిపించింది. లంకె పెట్టమంటారా?

వోల్టు_వెంకట్ · సోమవారం, రాత్రి 9:41

లంకె వద్దు బాబూ. 700కి వచ్చే 2 టీబీ కార్డులో నిజంగా ఉండేది 32 జీబీయో 64 జీబీయో. లోపలి చిప్పు కంప్యూటరుకు అబద్ధం చెబుతుంది. నువ్వు నింపుతూ పోతావు, కాపీ అయినట్టే కనిపిస్తుంది, మొదట రాసిన వాటి మీదే మళ్లీ రాస్తూ పోతుంది. నాలుగు నెలల తర్వాత 300వ క్యాసెట్టు తెరిస్తే గాలి.

ఏ కార్డు కొన్నా, ఎంత పెద్ద దుకాణంలో కొన్నా, మొదట హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం నడపాలి. లినక్స్, మ్యాక్ వాళ్లకు ఎఫ్3 ఉంది. అది కార్డు నిండా రాసి, రాసింది మళ్లీ చదివి పోల్చుతుంది. సెకనుకు 30 ఎంబీ రాసే కార్డు అయితే 256 జీబీ రాయడానికే దాదాపు రెండున్నర గంటలు పడుతుంది, చదవడానికి మరికొంత, రాత్రి పెట్టి పడుకోవచ్చు. మరొక మాట, 256 జీబీ కార్డు విండోస్‌లో 238 అని కనిపిస్తే మోసమని గొడవపడకండి. వాళ్లు వెయ్యితో లెక్కిస్తారు, విండోస్ 1024తో.

సుభాషిణి_కాకినాడ · మంగళవారం, ఉదయం 7:10

ఫోను మీద నా అనుభవం: మధ్యలో ఏదో ప్రకటన, ఏదో అప్‌డేట్, ఎవరిదో కాల్. పల్లవి నడుస్తుంటే 'మీ నిల్వ నిండింది' అని గంట మోగుతుంది. కొత్త ఫోన్లలో చాలావాటికి కార్డు బిలమే తీసేశారు, హెడ్‌ఫోన్ రంధ్రమూ తీసేశారు. వద్దు.

తెలుగు పేర్ల సంగతి మాత్రం ముందే చెప్పాలి, ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. ఆండ్రాయిడ్ మీద నడిచే ప్లేయర్లలో తెలుగు చక్కగా కనిపిస్తుంది. సొంత సాఫ్ట్‌వేరుతో నడిచే చిన్న ప్లేయర్లలో చాలావరకు డబ్బాలే. ఒకదానిలో ఫాంటు వేసుకునే వీలుంటే సంబరంగా వేశాను. అక్షరాలు వచ్చాయి కానీ ఒత్తులు అతకలేదు. 'త్యాగరాజ'లో 'త్యా' అన్నది త, దాని పక్కన ఒక పొల్లు, దాని పక్కన య, చివర ఒంటరిగా ఒక దీర్ఘం. చదవడానికి తర్కశాస్త్రం కావాలి. నేను రెండు వారాలు కూర్చుని మూడు వేల పాటలకు తెలుగులో పేర్లు పెట్టాక తెలిసిన సంగతి ఇది.

డల్లాస్_బాబాయి · మంగళవారం, ఉదయం 7:55

మరి సరిగమ కార్వాన్ లాంటిది? మా అత్తగారికి తెలుగుది పంపాను. పెద్ద బటన్లు, 5000 పాటలు లోపలే. ఆవిడకు దేవుడిచ్చిన వరం.

రాఘవ_తెనాలి · మంగళవారం, ఉదయం 8:20

బాబాయిగారూ, అది మా అమ్మకు ఉంది, చాలా ఇష్టం. నాన్నగారు మాత్రం "అందులో నేను కూర్చున్న సభ లేదు" అంటారు.

ఇంకొక చిక్కు తేలింది. నిన్న తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఆయనకు ఒకటి వినిపించాం. ఇరవై నిమిషాలు విని ఆపి, వేరేది విని, మళ్లీ మొదటిదానికి వచ్చారు. అది మొదటి నుంచి మొదలైంది. ఆయనకు కోపం వచ్చింది. "క్యాసెట్టు తీసి పక్కన పెడితే ఏడాది తర్వాత పెట్టినా ఆపిన చోటే పాడుతుంది. మీ కంప్యూటరుకు ఆ మాత్రం జ్ఞాపకం లేదా?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

పాతటేపు · మంగళవారం, ఉదయం 11:40

మీ నాన్నగారి మాటకు నేను లేచి నిలబడ్డాను. నలభై ఏళ్లు ఈ రంగంలో ఉండి నేను ఆ సంగతి పట్టించుకోలేదు.

వోల్టు_వెంకట్ · మంగళవారం, మధ్యాహ్నం 1:05

ఇప్పుడు అసలు అవసరం తెలిసింది. ఆయనకు కావలసినవి మూడు. అంకెతో వెతకడం. ఏ క్యాసెట్టుకు ఆ క్యాసెట్టు ఆపిన చోటు గుర్తుండడం. చేతికి తగిలే మీట. జీబీలు నాలుగో సంగతి.

ఒక మార్గం ఉంది, కొంచెం పని చేయాలి. రాక్‌బాక్స్ అని ఒక ఉచిత సాఫ్ట్‌వేరు. 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం కొందరు ఉత్సాహవంతులు మొదలుపెట్టారు, తర్వాత ఐపాడ్, ఐరివర్, ఇంకా చాలావాటికి పాకింది. అందులో ఫోల్డర్లు ఫోల్డర్లుగానే కనిపిస్తాయి. ప్రతి ఫోల్డరుకు విడిగా గుర్తు పెట్టుకునే ఏర్పాటు ఉంది. ఆపినప్పుడల్లా తనంతట తానే గుర్తు పెట్టమని, తెరిచినప్పుడు అక్కడి నుంచే పాడమని చెప్పవచ్చు. క్యాసెట్టుకు ఒక ఫోల్డరు పెడితే నాన్నగారు అడిగింది సరిగ్గా అదే. తెలుగు ఒత్తులు దానిలోనూ అతకవు. కానీ మీకు కావలసింది 214 అనే అంకె, దానికి ఒత్తులు లేవు. కళ్లు అలిసిన రోజు ఫోల్డరు పేరును ఒక్కొక్క అక్షరంగా పైకి చదివే సదుపాయం కూడా ఉంది, ఇంగ్లిషు గొంతులో.

580 వరసలను కిందికి జరపడానికి ఐపాడ్ చక్రాన్ని మించింది నేను ఇంతవరకు చూడలేదు. నిదానంగా తిప్పితే ఒక్కొక్కటి, వేగంగా తిప్పితే పరుగు. మీ ఇంట్లో గానీ బంధువుల ఇళ్లలో గానీ పాత ఐపాడ్ ఏదైనా పడి ఉందా?

రాఘవ_తెనాలి · మంగళవారం, సాయంత్రం 6:30

తమ్ముడి దగ్గర 2006లో కొన్న 30 జీబీ వీడియో ఐపాడ్ ఉంది. ఆన్ చేస్తే లోపల టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోతుంది. పారేద్దామనుకుంటున్నాడు.

శ్రుతిప్రియుడు · మంగళవారం, సాయంత్రం 6:34

పారేయకండి! అది అయిదో తరం. అందులో ధ్వనిని పలికించేది వుల్ఫ్‌సన్ కంపెనీ చిప్పు. దాని స్వరం కోసం ఇవాళ్టికీ జనం సెకండ్‌హ్యాండ్‌లో వెతుకుతున్నారు. వెంకట్‌గారూ, ఈ మాట మొదటే చెప్పి ఉంటే మనిద్దరికీ గబ్బిలాల దాకా వెళ్లే పని ఉండేది కాదు.

వోల్టు_వెంకట్ · మంగళవారం, రాత్రి 7:15

సంధి కుదిరింది. ఇక పని.

టిక్కుమనేది డిస్కు, దాని ఆయువు తీరింది. తీసేసి దాని స్థానంలో కార్డు పట్టే అడాప్టరు పెట్టాలి. ఐఫ్లాష్ అనే పేరుతో దొరుకుతుంది. డిస్కు తిరగడం ఉండదు కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది, బరువు తగ్గుతుంది, కింద పడ్డా గుండె ఆగదు. బ్యాటరీ కూడా ఇరవై ఏళ్లనాటిది, అదే రోజు మార్చేయండి.

తెరిచేటప్పుడు లోహపు స్క్రూడ్రైవరు పెట్టి తవ్వకండి, ప్లాస్టిక్ పలక వాడండి. వెనుక మూత ఊడిరాగానే ఒక్కసారిగా లాగకండి. హెడ్‌ఫోన్ రంధ్రం మూతకు అంటుకుని ఉంటుంది, దాని నుంచి పలచని రిబ్బను ఒకటి లోపలి బోర్డుకు వెళుతుంది. బ్యాటరీ రిబ్బను కూడా అంతే సుకుమారం. పుస్తకం తెరిచినట్టు పక్కకు తెరవాలి.

కార్డు పెట్టాక ఐట్యూన్స్ అనే ఆపిల్ ప్రోగ్రాంలో రీస్టోర్ చేయాలి, అది విండోస్ కంప్యూటరులోనే చేయండి. మ్యాక్‌లో చేస్తే మరో రకంగా ఫార్మాట్ అవుతుంది, రాక్‌బాక్స్‌కు ఫ్యాట్32 కావాలి. తర్వాత రాక్‌బాక్స్ యుటిలిటీ నడిపితే మిగతాది అదే చూసుకుంటుంది.

ఫోల్డర్లకు 1, 2, 3 అని పెట్టకండి. 1 తర్వాత 10, 100 వచ్చే యంత్రాలు ఇంకా ఉన్నాయి. 001, 002, 003 అని పెట్టండి. లోపల రెండు ఫైళ్లు, మొదటి వైపు, రెండో వైపు, అంతే.

డల్లాస్_బాబాయి · మంగళవారం, రాత్రి 8:02

నోటు పుస్తకాన్ని ఫోటోలు తీసి పెట్టుకోండి. అది లేకపోతే 580 ఫోల్డర్లూ మౌనమునులే.

రాఘవ_తెనాలి · (అయిదు వారాల తర్వాత) ఆదివారం, ఉదయం 10:20

ఆలస్యానికి మన్నించాలి, పని ఊహించిన దానికంటే పెద్దది.

తమ్ముడూ నేనూ నోటు పుస్తకం ముందు పెట్టుకుని రోజుకు ఇరవై చొప్పున పేర్లు మార్చాం. ఒక్క చానలు ఉంచి ఫ్లాక్ చేస్తే మొత్తం 118 జీబీ. 256 జీబీ కార్డులో సగం ఇంకా ఖాళీ. మొదటి కార్డు పరీక్షలో తప్పింది, నిజానికి అందులో ఉన్నది 60 జీబీ. తిరిగి ఇచ్చేసి వేరేచోట కొన్నాం. ఐపాడ్ తెరిచిన రోజు రిబ్బను సరిగా కూర్చోక ఒక గంట తెర వెలగలేదు. ఆ గంటలో మేమిద్దరం వెంకట్‌గారిని తిట్టుకున్న మాటలు ఇక్కడ రాయను. మళ్లీ తీసి నొక్కితే వెలిగింది.

ఫాంటు బాగా పెద్దది చేశాం. తెర మీద ఒకేసారి అయిదు అంకెలే కనిపిస్తాయి, ఆయనకు అంతే కావాలి. మొదటి రోజు ఏమీ చెప్పకుండా చేతిలో పెట్టాను. చక్రం అటూ ఇటూ తిప్పి చూశారు. 214 దగ్గర ఆపారు. హరికథ మొదలైంది. రెండో వైపు సగంలో శబ్దం ఠక్కున తెగి, మళ్లీ మధ్యలో నుంచి అందుకుంది. ఫైలు పాడైందేమోనని నేను కంగారుపడ్డాను. ఆయన తల కూడా ఎత్తలేదు. "కరెంటు పోయిందిరా. పెట్రోమాక్స్ తెచ్చేలోపల ఆయన ఆపకుండా చెబుతూనే ఉన్నాడు. నేను చీకట్లో బ్యాటరీలు వెతుక్కుంటున్నాను" అన్నారు.

ఆపిన చోటు గుర్తుండడం చూసి మాత్రం "ఇది క్యాసెట్టే" అని ఒప్పుకున్నారు.

ఫిర్యాదు ఒక్కటే మిగిలింది. మొదటి వైపు అయిపోగానే రెండో వైపు వెంటనే మొదలవుతోందట. ఇన్నేళ్లూ క్యాసెట్టు తిప్పడానికి లేచి, అటే వంటింట్లోకి వెళ్లి కాఫీ తెచ్చుకునేవారు. ఇప్పుడు లేచే వ్యవధి లేదంటున్నారు. దీనికేమైనా అమరిక ఉందా?

వోల్టు_వెంకట్ · ఆదివారం, ఉదయం 10:45

అమరిక ఎందుకు, రెండు వైపుల మధ్య రెండు నిమిషాల నిశ్శబ్దాన్ని ఒక ఫైలుగా చేసి పెట్టండి. చిన్న స్క్రిప్టు ఉంటే 580 ఫోల్డర్లలోకీ ఒకేసారి వెళ్లిపోతుంది. జాగా గురించి దిగులు వద్దు, ఒట్టి నిశ్శబ్దం ఫ్లాక్‌లో కొన్ని కేబీలే.

శ్రుతిప్రియుడు · ఆదివారం, ఉదయం 10:52

24/96లో చేయించండి.

రాఘవ_తెనాలి · ఆదివారం, సాయంత్రం 5:30

పెట్టాం. రెండు నిమిషాల్లో పాలు కూడా కాగవు, అయిదు చేయమన్నారు.